నాయిన మోకాళ్లకు సరిపోయే కారు

హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు కొత్త కారు కొంటాడు. పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇద్దామంటే షోరూమ్ వాళ్లు చెప్పే రేటు నచ్చదు, బయట అమ్ముదామంటే బేరాలాడే ఓపిక ఉండదు. "గీ బేరాలన్నీ ఎందుకు, నాయినకిద్దాం, ఊళ్లె తిరగనీకి పనికొస్తది" అంటాడు. తండ్రి కూడా సంబరపడతాడు, కొడుకు కారిచ్చిండని నలుగురికీ చెప్పుకుంటాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, సూర్యాపేట, ఎక్కడైనా సరే, రిటైరైన వాళ్ల ఇళ్ల ముందు నిలబడి ఉన్న కార్లను ఒకసారి చూడండి. చాలావరకు ఇట్లా దిగొచ్చినవే. లక్ష కిలోమీటర్లు దాటిన డీజిల్ బండి, ఎడమకాలితో గట్టిగా తొక్కితే తప్ప దిగని క్లచ్, ఎయిర్‌బ్యాగుల ఊసే లేని బేస్ మోడల్.

అంటే ఇంట్లో అందరికంటే పెద్ద మనిషికి అందరికంటే పాత కారు. కన్ను చురుగ్గా, మెడ తేలిగ్గా తిరిగే ముప్పై ఐదేళ్ల కొడుక్కేమో కెమెరాలు, సెన్సర్లు, ఆరు ఎయిర్‌బ్యాగులు. నాకు ఇది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. డ్రైవర్ వయసు పెరిగేకొద్దీ కారు వయసు తగ్గాలి. డబ్బు తక్కువుంటే కారు సైజు తగ్గించండి, ఇంజిన్ తగ్గించండి, హంగులు తగ్గించండి, తయారైన సంవత్సరం దగ్గర మాత్రం రాజీ పడకండి. మీ పాత కారు అమ్ముడుపోతే వచ్చే డబ్బుల్ని నాయిన కారు కోసమే కలపండి, నాయినకు అది ఎక్కువ మేలు.

మా ఇంట్లో ఈ చర్చ నాయిన రిటైరయ్యాక మొదలైంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల సారు. సర్వీసంతా స్కూటర్ మీద, ఆ తర్వాత చాలా ఏళ్లు మారుతి 800 మీద. ఇప్పుడు నల్లగొండలో ఇల్లు, చండూరు వైపు ఊళ్లో కొద్దిగా బత్తాయి తోట. వారానికి రెండు మూడుసార్లు తోటకు పోవాలి, అమావాస్య వచ్చిందంటే అమ్మను చెర్వుగట్టు శివుడి గుడికి తీసుకుపోవాలి, ఎప్పుడన్నా మనవళ్లను చూడాలనిపిస్తే నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి హైదరాబాద్ రావాలి. ఆయన అవసరం ఇంతే. కానీ చుట్టాల్లో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కారు పేరు తయారుగా ఉంది. "డీజిల్ తీసుకో బావా, మైలేజీ బాగొస్తది" అని మామ. "గా చిన్న కారెందుకు మామా, పెండ్లిళ్లకు పోతే నలుగురు కూసోవద్దా" అని మా అక్క వాళ్లాయన. ఏడు సీట్ల బండి ఒకటి తక్కువలో ఉందని ఫొటోలు కూడా పంపించాడు. వీళ్లెవ్వరూ నాయిన మోకాళ్ల గురించి అడగలేదు.

డీజిల్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే మా వైపు ఆ మోజు ఇంకా పోలేదు. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిల్ లెక్క వేరు. వారానికి రెండుసార్లు తోటకు, మధ్యలో గడియారం సెంటర్ దాకా కూరగాయలకు పోయొచ్చే మనిషికి అది మిగిల్చేదేం లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (పొగ మీద కొత్త, కఠినమైన నిబంధన) డీజిల్ కార్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. బండి హైవే మీద కాసేపు వేడిగా నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి తిప్పితే అది మూసుకుపోయి మీటరులో లైటు వెలుగుతుంది. అంతకుముందు బీఎస్ 4 బండ్లకు ఆ బాధ లేదు గానీ వాటికి వయసైపోయింది, ఇంజెక్టర్లు, టర్బో పోతే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. ఇంకోటి, ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని గ్రీన్ ట్రైబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పట్నుంచి అక్కడి బండ్లు దక్షిణాదికి చవగ్గా దిగుతున్నాయి. మెరిసే పెద్ద డీజిల్ కారు సగం ధరకే వస్తోందంటే ముందు అది ఏ రాష్ట్రంలో పుట్టిందో అడగండి. పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్. గద్వాల, నారాయణపేట వాళ్లు కర్నూలు, రాయచూరు నుంచి బండ్లు తెచ్చుకునేటప్పుడు ఈ ట్యాక్స్ లెక్క వేసుకోక తర్వాత తల పట్టుకుంటారు. చవక అనుకున్నది అక్కడికే సమానమైపోతుంది.

పెట్రోలు కారు, చిన్నది, ఆటోమేటిక్. మా ఇంట్లో నేను పట్టుబట్టింది ఇదే. ఎందుకో చెప్పాలంటే కారు కంటే ముందు మనిషి గురించి మాట్లాడాలి.

నల్లగొండ అంటే ఫ్లోరైడ్ గుర్తుకు రానివాళ్లుండరు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు పుట్టి పెరిగిన నాయిన తరం వాళ్లు చిన్నప్పట్నుంచీ తాగింది బాయి నీళ్లు, బోరు నీళ్లే. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం కలిపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు కనిపెట్టి దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టారు, అట్లా మా ఊరి పేరు నీళ్ల ఇంజినీర్ల పుస్తకాల్లోకి ఎక్కింది. గొప్ప చెప్పుకునే కారణమైతే కాదు. తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి, 2015లో చౌటుప్పల్‌లో వాటర్ గ్రిడ్ పైలాన్ కట్టారు, అదే మిషన్ భగీరథ అయింది, పిల్లల తరానికి ఆ బాధ తగ్గింది. కానీ పెద్దవాళ్ల ఎముకల్లో చేరింది ఎక్కడికీ పోదు. వంకర్లు తిరిగిన కాళ్ల ఫొటోలే అందరికీ తెలుసు. బయటికి ఏమీ కనబడని వాళ్లలో కూడా మెడ, వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. మా నాయన వెనక్కి చూడాలంటే మెడ తిరగదు, భుజాలతో సహా మొత్తం మనిషి తిరగాలి. ఇక ఫ్లోరైడ్ నీళ్లు తాగని వాళ్లకైనా, అరవై దాటితే మోకాళ్ల నొప్పులు లేని ఇల్లు చూపించండి.

సీటు బెల్టు పెట్టుకున్నాక భుజాలు తిరగవు. అప్పుడు రివర్స్ ఎట్లా తీస్తాడు? అంచనా మీద తీస్తాడు. మా వీధిలో గేట్లకు, కరెంటు స్తంభాలకు ఉన్న గీతలన్నీ ఆ అంచనాలే. 2019 జూలై 1 నుంచి తయారైన ప్రతి కారుకూ వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, బెల్టు పెట్టుకోకపోతే కూసే అలారం, స్పీడు దాటితే హెచ్చరించే అలారం కూడా ఆ రోజు నుంచే. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోనివ్వని ఏబీఎస్ బ్రేకులు అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్ నుంచి. పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2021 చివర్లో. ఆ పక్క సీట్లో కూర్చునేది మా అమ్మ. అందుకే నా దృష్టిలో పెద్దవాళ్లకు సెకండ్ హ్యాండ్ కారు అంటే 2022లోనో ఆ తర్వాతో తయారైంది, మరీ డబ్బు సరిపోకపోతే 2019 జూలై తర్వాతది. అంతకుముందువాటిలో కూడా పై మోడళ్లకు ఇవన్నీ ఉన్నాయి కదా అంటారు, ఉన్నాయి, కానీ ఏ వేరియంట్‌లో ఏముందో వెతుక్కోవాలి, అమ్మేవాడి మాట నమ్మాలి. రిజిస్ట్రేషన్ తేదీ చూసి మోసపోకండి, ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం విడిగా ఉంటాయి, అది చూడండి. ఏపీ 24, ఏపీ 22 నంబరు ప్లేట్లతో ఉన్నవైతే 2014లో తెలంగాణ రాకముందు రిజిస్టరైనవి, వాటి గురించి మాట్లాడుకోవడమే వద్దు. పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి, ఆర్టీఏ చుట్టూ ఆ తిరుగుడు డెబ్బయ్యేళ్ల మనిషికి ఎందుకు?

ఇప్పుడు సీటు. కారు కొనడంలో దీనికి పట్టే శ్రద్ధ ఇంజిన్‌కు పట్టే శ్రద్ధలో పదో వంతు కూడా ఉండదు. పెద్దాయన కారు పక్కన నిలబడి, వీపు కారు వైపు పెట్టి, ఒక్కడుగు వెనక్కేసి కూర్చోవాలి. వంగకుండా, దబ్బున పడకుండా నేరుగా సీటు మీద ఆనితే ఆ ఎత్తు సరిపోయినట్టు. తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకోవాలి. డిజైర్ లాంటి సెడాన్లలో సీటు కిందికి ఉంటుంది, కూర్చోవడం గుంతలోకి దిగినట్టే, లేవాలంటే స్టీరింగో డోరో పట్టుకుని పైకి గుంజుకోవాలి. పెద్ద ఎస్‌యూవీలో తిప్పలు ఇంకో రకం, ఫుట్‌స్టెప్ ఎక్కి ఒంటికాలి మీద బరువు మోపాలి. పంచె కట్టుకునే మనిషికైతే ఆ ఎక్కుడు దిగుడులో కుచ్చిళ్లు డోరు సందులో పడతాయి. మధ్యస్తంగా ఉండే పొడుగు కప్పు కార్లు వీళ్లకు బాగా కుదురుతాయి: మారుతి వ్యాగన్ఆర్, ఇగ్నిస్, టాటా పంచ్, హ్యుందాయ్ శాంత్రో. పంచ్ తలుపులు దాదాపు తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి, ఇరుకు సందులో అది పనికిరాదు గానీ ఇంటి ముందు ఎక్కి దిగేటప్పుడు హాయి. ఏ కారైనా, పెద్దాయన్ని తీసుకుపోయి, షోరూమ్ వాడో బ్రోకరో తొందర పెడుతున్నా వినకుండా, నాలుగైదుసార్లు ఎక్కి దిగమనండి. మొదటిసారి ఎవరైనా ఎక్కుతారు. నాలుగోసారికి మోకాలు మీద చెయ్యి పడిందంటే ఆ కారు వద్దు. అమ్మను కూడా పక్క సీట్లో, వెనక సీట్లో కూర్చోబెట్టి చూడండి, ఆమె అభిప్రాయం ఎవరూ అడగరు, తర్వాత ఇరవై కిలోమీటర్లు నడుం పట్టుకుని కూర్చునేది ఆమే.

చిన్న విషయం ఒకటి. మా నాయన బాటా చెప్పులతోనే బండి నడుపుతాడు, అందరు నాయినల్లాగే. వదులు చెప్పు పెడల్ కింద ఇరుక్కునే ప్రమాదం ఉంది, మడమ వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకోమని చెప్పండి. ఫ్లోర్ మ్యాట్ మీద ఇంకో ప్లాస్టిక్ మ్యాట్, దాని మీద బస్తా సంచి వేసే అలవాటు కూడా ఆపించండి, అది జరిగి యాక్సిలరేటర్‌ను పట్టేస్తుంది.

గేర్ల దగ్గర మా ఇంట్లో గట్టి యుద్ధమే జరిగింది. "నలభై ఏండ్లు గేర్లేసిన చెయ్యి, ఇప్పుడు గీ ఆటోమేటిక్ ఎందుకురా" అని నాయన. ఆయన మాటలో పస లేకపోలేదు. అలవాటైన కాలు కంగారులో పాత పనే చేస్తుంది, ఎడమకాలు క్లచ్ అనుకుని బ్రేకును గట్టిగా తొక్కేస్తుంది, లేదా కుడికాలు బ్రేకనుకుని యాక్సిలరేటర్ మీద పడుతుంది. ఆటోమేటిక్‌లో ఆ పొరపాటు ఖరీదెక్కువ. అయినా నేను తగ్గలేదు, ఎందుకంటే క్లచ్ పట్టిన మోకాలు రోజూ అరిగిపోతూనే ఉంటుంది, పొరపాటు మాత్రం సాధనతో పోతుంది. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే, ఎడమకాలు పూర్తిగా వెనక్కి పెట్టేసి, కుడికాలు ఒక్కదానితోనే బ్రేకు, యాక్సిలరేటర్ నడిపే అలవాటు కొన్నాళ్లు చేయించాం. పార్కింగ్‌లో కొంచెం కొంచెం కదిలించేటప్పుడు కాలు యాక్సిలరేటర్ మీదికి పోనే కూడదు, బ్రేకు వదిలితే కారే మెల్లగా పాకుతుంది, అదొక్కటి ఒంటబడితే సగం భయం పోయినట్టే.

ఆటోమేటిక్ అన్నీ ఒకటి కావు. మన బడ్జెట్‌లో దొరికేవాటిలో ఎక్కువ ఏఎంటీ, మారుతి వాళ్లు ఏజీఎస్ అంటారు. లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కి గేరు మార్చే పని మాత్రం యంత్రమే చేస్తుంది. 2014లో సెలెరియోతో ఇది సామాన్యుల కార్లలోకి వచ్చింది. చవక, మైలేజీ మాన్యువల్‌తో సమానం, కానీ గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో కారును పట్టి ఉంచితే క్లచ్ మాడుతుంది. వాడిన ఏఎంటీ కొనేటప్పుడు అసలు పరీక్ష ఎక్కుడు మీదే. మాకు చెర్వుగట్టు గుట్ట రోడ్డు ఉంది, మహబూబ్‌నగర్ వాళ్లకు మన్యంకొండ. ఎక్కుతూ మధ్యలో ఆపి, బ్రేకు వదిలి, మళ్లీ కదిలించి చూడండి. బాగా వెనక్కి జారినా, మాడిన వాసన వచ్చినా, ఒకటి నుంచి రెండో గేరుకు పోవడానికి తటపటాయించినా క్లచ్ అయిపోయినట్టే, ఆ ఖర్చు బేరంలో తీయాలి, లేదంటే ఇంకో బండి చూసుకోవాలి. విడి విడి గేర్లు లేకుండా బెల్టు మీద నడిచే సీవీటీ గేర్‌బాక్స్ ఉన్న హోండా అమేజ్, జాజ్ నడుపుతుంటే వెన్న, పెద్దవాళ్లకు నిజంగా హాయిగా ఉంటాయి. రెండు క్లచ్‌ల డీసీటీ గేర్‌బాక్సులు మాత్రం వారంటీ అయిపోయాక ముట్టుకోవద్దు.

నమ్మకమైన కారు అంటే ఇంజిన్ మంచిదని మాత్రమే చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో నమ్మకం అంటే, కారు ఆగిపోతే ఎంత దూరంలో దాన్ని బాగుచేసే మనిషి దొరుకుతాడు అని. ఫోర్డ్ ఫిగో బండి గట్టిదే, నడిపితే ముచ్చటేస్తుంది, కానీ ఆ కంపెనీ 2021లో మన దేశంలో తయారీ ఆపేసింది. షెవర్లే 2017లోనే అమ్మకాలు మానేసింది, డాట్సన్ 2022లో. ఈ కార్లు అందుకే చవగ్గా దొరుకుతాయి, చవక చూసి కుర్రాళ్లు కొనుక్కోవచ్చు, విడిభాగం కోసం హైదరాబాద్‌లో నాలుగు షాపులు తిరగగలరు. దేవరకొండ దగ్గరో అచ్చంపేట దగ్గరో ఆగిపోయిన పెద్దాయన ఏం చేస్తాడు? మారుతి, హ్యుందాయ్ పని ఏ షెడ్డు మెకానిక్‌కైనా వస్తుంది. టాటా సర్వీసు గురించి ఎవరిని అడిగితే వాళ్లు ఒక్కో మాట చెప్తారు, మీ ఊళ్లో వర్క్‌షాప్ ఎట్లుందో అక్కడ కారున్నవాళ్లనే అడగండి.

ఇక్కడే నేను చాన్నాళ్లు ఊగిసలాడాను. ఎక్కి దిగడానికి, చూపుకు, మెకానిక్‌కు, అన్నింటికీ వ్యాగన్ఆర్‌ను మించింది కనబడలేదు. కానీ కార్ల భద్రతను పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్దుడు పరీక్షలో దానికి 2019లో రెండు స్టార్లు, 2023లో ఒక్కటే. పంచ్‌కు 2021లో ఐదు స్టార్లు. టియాగోకు 2020లో నాలుగు వచ్చాయి, సీటు మాత్రం కిందికుంటుంది. అదే దెబ్బ ముప్పై ఏళ్లవాడికి తగిలితే పక్కటెముక కమిలి ఊరుకుంటుంది, డెబ్బయ్యేళ్లవాడికి విరుగుతుంది, విరిగింది అతకడానికి నెలలు పడుతుంది. ఫ్లోరైడ్ పట్టిన ఎముక చూడ్డానికి గట్టిపడినట్టే ఉంటుంది, నిజానికి పెళుసు. మా నాయిన కారు తోటకు, బజారుకు మాత్రమే అయితే వ్యాగన్ఆర్ అనేసేవాణ్ని, ఆ రోడ్ల మీద స్పీడే ఉండదు. కానీ ఆయన విజయవాడ హైవే ఎక్కుతాడు. నకిరేకల్, కట్టంగూర్, చిట్యాల వైపు రాంగ్ సైడులో వచ్చే బైకులు, మధ్యలో ఆగిన లారీలు, ఎక్కడ పడితే అక్కడ రోడ్డు దాటే మనుషులు, ఇవన్నీ తెలిసినవాణ్ని కాబట్టి స్టార్ల వైపే మొగ్గాను. జడ్చర్ల మీదుగా బెంగళూరు హైవే ఎక్కే వాళ్లకైనా ఇదే మాట చెప్తాను. 2022 మోడల్ పంచ్ ఏఎంటీ, మొదటి ఓనరుది, తీసుకున్నాం. వ్యాగన్ఆర్ కొన్నవాళ్లను నేను తప్పుపట్టను, హైవే ఎక్కకపోతే.

ఇక బండి చూడటం. మా మెకానిక్ సలీం భాయ్ పద్ధతి నాకు నచ్చింది, ఆయన ఇంజిన్ కంటే ముందు రబ్బర్లు చూస్తాడు. డోరు చుట్టూ ఉండే బీడింగ్‌ను వేలితో కొంచెం ఊడదీసి, లోపల రేకు మీద వరసగా ఉండే వెల్డింగ్ చుక్కలు చూస్తాడు. కంపెనీలో వేసినవైతే గుండ్రంగా, సమాన దూరంలో ఉంటాయి, యాక్సిడెంటై షెడ్డులో అతికితే గరుగ్గా, వంకరగా. తర్వాత బానెట్ బోల్టులు, స్పానర్ పడితే వాటి మూలల్లో పెయింట్ లేచిపోతుంది. అద్దాల మూలన ముద్రించిన కంపెనీ పేరు, సంవత్సరం కోడ్ అన్ని అద్దాలకూ కలవాలి, ఒక్కటి తేడాగా ఉంటే అది ఎందుకు మారిందో అడగాలి. టైర్ల పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. అరగకపోయినా ఐదారేళ్లు దాటిన టైరు మన ఎండలకు పగుళ్లు పట్టి ఉంటుంది.

కిలోమీటర్ల రీడింగ్ సంగతి అందరికీ తెలిసిందే, వెనక్కి తిప్పేస్తారు. ముప్పై వేలే తిరిగిందంటున్న కారుకు బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు మెరుస్తుంటే అది ముప్పై వేలు కాదు. కంపెనీ వర్క్‌షాప్‌లో నంబరు చెప్తే సర్వీసు రికార్డులో ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. "డాక్టర్ గారి కారు", "మేడమ్ నడిపింది" అనే మాటలకు నేను పైసా విలువ ఇవ్వను, మన జిల్లాలో అమ్మకానికున్న కార్లన్నీ డాక్టర్లవైతే పేషెంట్లను చూసేదెవరు? ట్రావెల్స్‌లో తిరిగిన ఎల్లో బోర్డు బండ్లను వైట్ బోర్డుకు మార్చి అమ్మడం కూడా ఉంది, నంబరు చరిత్ర చూడకుండా ఒప్పుకోవద్దు.

వరద బండ్లు ఇంకో గండం. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో ఖమ్మం మునిగినప్పుడు నీళ్లలో నానిన కార్లు ఎన్నో, వాటిని తుడిచి, సెంటు కొట్టి అమ్మేవాళ్లుంటారు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, ఆ ఆఖరి మూర మీద బురద మరక ఎవరూ కడగరు. డిక్కీలో స్టెప్నీ తీసి కింద తుప్పు చూడండి, కార్పెట్ లేపి వాసన చూడండి. నీళ్లు తాగిన కారు వైరింగ్ ఎప్పుడు మొరాయిస్తుందో బ్రహ్మకు కూడా తెలియదు.

బండి చూడటానికి పొద్దున్నే వస్తామని, తాము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉందంటే వాళ్లు ఏదో దాస్తున్నారు. ఏసీ మాత్రం మిట్టమధ్యాహ్నం చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ నలభై నాలుగు, నలభై ఐదు దాటుతుంది, ఆగి ఉన్న బండిలో ఏసీ చల్లగా రాకపోతే బీపీ మనిషికి అది సౌకర్యం సంగతి కాదు, ఆరోగ్యం సంగతి.

కాగితాల గురించి క్లుప్తంగా. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, పెండింగ్ చలాన్లు లేవని ఆన్‌లైన్‌లో చూసుకోవడం. కొన్న పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్సును కూడా పేరు మార్పించాలి. క్లెయిమ్ చేయనందుకు పాత ఓనరుకు వచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, ఆయనతోనే పోతుంది, ఆ తేడా మనం కట్టాలి. "మనోడే కదా, తర్వాత మార్చుకుందాం" అని ఏడాది పాటు వేరేవాళ్ల పేరు మీద తిరిగే బండ్లు మా చుట్టాల్లోనే ఉన్నాయి. ఏదైనా జరిగితే ఓనర్-డ్రైవర్‌కు ఉండే పదిహేను లక్షల ప్రమాద బీమా ఆర్సీలో పేరున్నవాడికే, నడిపే నాయినకు కాదు. కొన్న ధరకు తోడు ఒక పదో వంతు డబ్బు చేతిలో ఉంచుకోండి. బ్యాటరీ, టైర్లు, అన్ని ఆయిళ్లు, రెండు కొత్త వైపర్లు, వెనక కెమెరా, సైడు అద్దాలకు అతికించే చిన్న గుండ్రటి అద్దాలు. ఈ ఆఖరివి వంద, రెండొందల్లో వస్తాయి, మెడ తిరగని మనిషికి ఇంతకంటే చవకైన మందు లేదు. ఇంకో మాట, పెట్రోలు బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో కార్లు రావడం మొదలైంది 2023 ఏప్రిల్ నుంచి. 2023 ఏప్రిల్ తర్వాతది మీ డబ్బుకు అందితే అదే తీసుకోండి.

ఇంతా రాసినా కొందరు అడుగుతారు, ఆ వయసులో అసలు నడపడం ఎందుకు, డ్రైవర్‌ను పెట్టుకోవచ్చు కదా అని. పట్నంలో ఉండి చెప్పడం తేలిక. తోటకు పోవాలనిపించిన పొద్దున డ్రైవర్ దొరకాలి, వాడికి టీ తాగించాలి, వాడి టైముకు తిరిగి రావాలి. మనిషి తన కాళ్ల మీద తాను తిరగడం మానేస్తే ఇంట్లోనే కుంగిపోతాడు, అది నేను మా పెద్దనాయిన దగ్గర చూశాను. అందుకని నడపనివ్వాలి, కానీ ఎప్పుడు, ఎక్కడ అన్నది మాట్లాడుకోవాలి. మా ఇంట్లో మాట్లాడుకున్నది రాత్రి గురించి. కోతల కాలంలో ఊరి రోడ్లన్నీ వడ్ల కుప్పలే, సగం రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, రిఫ్లెక్టర్లుండవు. శుక్లం ముదురుతున్న కంటికి ఎదురు బండి లైటు పడగానే రోడ్డంతా తెల్లగా పొంగుతుంది, ఆ రాళ్లు కనపడవు. కొన్న కారుకు హెడ్‌లైట్ల ప్లాస్టిక్ పసుపెక్కి ఉంటే పాలిష్ చేయించండి, కొంత మేలు. చీకటి పడ్డాక ఊరు దాటొద్దని మాత్రం నాయినతో గట్టిగానే అన్నాను. "చూద్దాం లే" అన్నాడు. అంటే ఒప్పుకోనట్టే, కానీ కాదనీ అనలేదు.

యాభై ఐదు దాటాక లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్, దానికి డాక్టరు ఫారం 1ఏ మీద సంతకం పెట్టాలి. చాలామంది ఆ కాగితాన్ని ఆర్టీఏ ఆఫీసు ముందే, కళ్లలోకి చూడకుండానే సంతకం చేయించుకుంటారు. గడువు దాటి ఏడాదైతే మళ్లీ డ్రైవింగ్ టెస్టు కూడా ఇవ్వాలి. ఈసారి నాయిన లైసెన్సు టైముకు ముందు కంటి డాక్టరు దగ్గర రెండు కళ్లూ సరిగ్గా చూపించి, శుక్లం ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో ఆయన చెప్పినట్టు చేయించి, తర్వాతే ఆ ఫారం నింపిద్దామని అమ్మ, నేను అనుకున్నాం. నాయినకు ఇంకా చెప్పలేదు.